తాళంచెవి ఎవరి జేబులో ఉంది? (మన సంఘాలు – మన చరిత్ర: 9)



ఈ వారం చరిత్ర మొదలుపెట్టే ముందు నా తప్పు ఒకటి చెప్పాలి.

మా బస్తీలో సాయంత్రం పూట పిల్లలకు చదువు చెప్పే చిన్న సెంటర్ నడుపుతున్నాం. ఒక గది, రెండు బల్లలు, నలభై మంది పిల్లలు. రెండేళ్ల కింద బండి మీద నుంచి పడి నా కాలు విరిగింది. పద్దెనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. గది తాళంచెవి నా ఇంట్లో, చెక్కుబుక్కు నా బీరువాలో, చందాలిచ్చే వాళ్ల నంబర్లన్నీ నా ఫోన్‌లో. పదో తరగతి పరీక్షల రోజులవి. పిల్లలు మూసిన తలుపు ముందు అరుగు మీద కూర్చుని చదువుకున్నారు. నన్ను చూడటానికి వచ్చిన చెల్లె ఒకతి, డిగ్రీ చదివే పిల్ల, మంచం పక్కన నిలబడి ఒకే మాట అడిగింది: "అన్నా, సంఘం నీదా, మనదా?"

జవాబు చెప్పలేకపోయాను. ఆ ప్రశ్న పట్టుకునే పాత సంఘాల చరిత్ర మళ్లీ చదివాను. నాయకత్వం నేర్పుతామని శిక్షణలు చాలా చోట్ల జరుగుతున్నాయి, నేనూ రెండింటికి వెళ్లాను. మన పెద్దలు అదే పాఠాన్ని దెబ్బలు తిని నేర్చుకున్నారు. ఆ పాఠం మన చేతిలో ఉండి కూడా మనం తెరిచి చూడటం లేదు.

1920 జనవరి 31న బాబాసాహెబ్ 'మూక్‌నాయక్' పత్రిక మొదలుపెట్టారు. అదే ఏడాది చదువు పూర్తి చేయడానికి లండన్ వెళ్లారు. ఆయన అక్కడ ఉండగా ఇక్కడ పత్రిక ఈడ్చుకుంటూ నడిచి 1923లో ఆగిపోయింది. మన మొదటి గొంతుల్లో ఒకటి, నడిపే మనిషి దూరం కాగానే మూగబోయింది. మా గది తలుపు మూతపడటం దానికి ఎంత చిన్న నకలో చూడండి.

తిరిగొచ్చిన బాబాసాహెబ్ ఈసారి సంఘంతో మొదలుపెట్టారు. 1924 మార్చి 9న బొంబాయి దామోదర్ హాల్లో సమావేశం పెట్టి, జులై 20న 'బహిష్కృత హితకారిణి సభ' స్థాపించారు. అప్పటికి ఆయన వయసు 33. అధ్యక్షుడిగా పేరున్న న్యాయవాది సర్ చిమన్‌లాల్ సెతల్వాద్‌ను పెట్టారు. ఉపాధ్యక్షుల్లో పరాంజపే, బి.జి. ఖేర్ లాంటి వాళ్లున్నారు. "పై కులాల వాళ్లను ఎందుకు కూర్చోబెట్టాడు?" అని కొందరు అంటారు. సగమే చూస్తే అలాగే అనిపిస్తుంది. మిగతా సగం చూడండి. పని నడిపే కార్యనిర్వాహక కమిటీకి ఛైర్మన్ బాబాసాహెబ్, కార్యదర్శి శివ్‌తర్కర్, కోశాధికారి జాదవ్. పేరు, పలుకుబడి బయటి నుంచి తీసుకున్నారు. పెన్ను, పద్దు మాత్రం మనవాళ్ల చేతిలోనే ఉంచారు. ఈ రోజు దాతల కోసం, ట్రస్టుల కోసం తిరిగే ప్రతి చిన్న సంఘం గోడ మీద రాసుకోవాల్సిన విషయం ఇది.

ఇంకొకటి. శివ్‌తర్కర్ మహర్ కాదు, చాంభార్ కులస్తుడు. సంఘంలో అతి కీలకమైన కుర్చీ తన కులం దాటి ఇచ్చారు. ఇది మనం ఎంతమందిమి చేస్తున్నాం?

ఆ సభ పని కూడా చిన్నగానే మొదలైంది. 1925 జనవరి 4న షోలాపూర్‌లో హైస్కూలు పిల్లలకు ఒక హాస్టల్. బొంబాయిలో ఒక పఠనాలయం. అంతే! హాస్టల్ నడపడమంటే బియ్యం లెక్క, అద్దె లెక్క, ఎవరు వండాలి, ఎవరు సంతకం పెట్టాలి అన్న రోజువారీ పని. ఆ పనిలోనే మనుషులు తయారయ్యారు. సభ పుట్టి మూడేళ్లు తిరగకముందే, 1927 మార్చి 20న, మహాడ్ చెరువు నీళ్లు తాగడానికి జనం కదిలారు. 1928లో ఆ సభను మూసేసి, చదువు పని కోసం వేరే సంఘం పెట్టుకున్నారు. పని మారితే పాత బోర్డు దించడానికి కూడా ధైర్యం కావాలి.

ఇప్పుడు మన హైదరాబాద్‌కు రండి. మాదరి భాగయ్య, అంటే భాగ్యరెడ్డి వర్మ, 1906లో 'జగన్మిత్ర మండలి' పెట్టినప్పుడు ఆయనకు 18 ఏళ్లు. మన జనానికి కరపత్రాలు చదవడం రాదు కాబట్టి హరికథలతో జనంలోకి వెళ్లారు. 1910లో ఇసామియా బజార్‌లో బడి తెరిచారు. 1911లో 'మాన్య సంఘం' పెట్టారు. అంటరానివాడని పిలిచే ఊళ్లో "మేం మాన్యులం" అని బోర్డు కట్టడం ఎంత తెగువ! 1917లో బెజవాడ సభలో 'పంచమ' అన్న పేరే వద్దు, మనం ఆది ఆంధ్రులమని చెప్పింది ఆయనే. ఒక్క బడితో మొదలైన పని 26 బడులకు, 2,500 మంది పిల్లలకు పెరిగింది.

తర్వాత ఆ బడులను నిజాం ప్రభుత్వం తీసుకుంది. ఆది హిందూ నాయకుల మధ్య చీలికలు వచ్చాయి, పోటీ సంఘాలు లేచాయి. ఇవన్నీ పి.ఆర్. వెంకటస్వామి 1955లో అచ్చువేసిన తన చరిత్ర పుస్తకంలో దాచకుండా రాశారు. మనవాళ్ల కొట్లాటలను మనవాడే రాసిపెట్టడం మనకు పెద్ద మేలు. మనం మాత్రం విగ్రహాలకు దండలు వేసి, ఆ పేజీలు తిప్పకుండా వదిలేస్తున్నాం.

మళ్లీ మా గది దగ్గరికి వస్తాను. సొసైటీ రిజిస్టర్ చేయాలంటే ఏడుగురు కావాలి. మా ఏడుగురిలో నలుగురు నేను అడిగితే సంతకం పెట్టినవాళ్లే, ఎప్పుడూ మీటింగుకు రాలేదు. ఐదుగురం మాలలం, ఇద్దరు మాదిగలు. పిల్లల్లో సగానికి పైగా మాదిగ పిల్లలు. బాబాసాహెబ్ ఫొటో కింద కూర్చుని ఈ లెక్క నేను ఏళ్ల తరబడి వేయలేదు.

కాలు కట్టు విప్పాక కొన్ని మార్చాం. చెక్కు మీద ఇద్దరి సంతకాలు. తాళంచెవులు మూడు. ప్రతి నెలా జమాఖర్చు గోడకు అతికిస్తాం, పిల్లల తల్లులు కూడా చూస్తారు. మినిట్స్ పుస్తకం వంతులవారీగా రాస్తాం. మొదటిసారి ఆ చెల్లె రాసింది. నా మాట ఓడిపోయిన తీర్మానాన్ని కూడా ఒక్క అక్షరం వదలకుండా రాసింది. మొదట నొచ్చుకున్నాను, అబద్ధం ఎందుకు?

వచ్చే సర్వసభ్య సమావేశంలో అధ్యక్ష పదవి వదులుతున్నాను. కొత్త కమిటీలో మాదిగ బిడ్డలు సగం ఉండాలని తీర్మానం పెడుతున్నాం. నెగ్గుతుందో లేదో తెలియదు. మా వాళ్లలోనే ఇద్దరు అలిగి ఉన్నారు, రోజూ వాళ్ల ఇంటికి పోయి మాట్లాడుతున్నాను.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీ సంఘంలో ఈ రాత్రి ఒక పని చేయండి. రేపు మీ అధ్యక్షుడు ఆసుపత్రిలో పడితే ఎల్లుండి తలుపు ఎవరు తెరుస్తారో ఒక కాగితం మీద రాయండి. పేరు రాయలేకపోతే, అక్కడి నుంచే పని మొదలుపెట్టండి.

జై భీమ్!