చెరసాల గడప దాటిన పిదప

శిక్షాకాలము ముగిసి కారాగార ద్వారము దాటిన మనుజునకు మొదట ఎదురగు ప్రశ్న కూటిని గురించినది. న్యాయస్థానము విధించిన శిక్షకు అవధి కలదు. లోకము విధించు శిక్షకు అవధి లేదు. ఈ రెంటి నడుమ నలిగినవారికి పని చూపుటకై మన సీమలో జరిగిన యత్నముల చరిత్ర తెలిసికొనదగినది.

నేటి జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు చాలవరకు 2016 అక్టోబరుకు పూర్వము వరంగల్లు జిల్లాలోనివే. ఈ గ్రామములనుండి దీర్ఘశిక్ష పడినవారు వరంగల్లు కేంద్ర కారాగారమునకు పోవుట పరిపాటిగా నుండెను. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ పాలనలో 1886లో వెలసిన ఆ కారాగారమున తివాచీల నేత పేరొందినది. ఓరుగల్లు తివాచీలు అంతకు మునుపే 1851లో లండను మహాప్రదర్శనమున చూపరుల మన్నన పొందియుండెను. ఊరిలో నేసెడి వస్తువునే చెరసాలలోను నేయించిరన్న మాట.

ఈ పద్ధతికి విమర్శయు లేకపోలేదు. దేశమందలి జైళ్లలో చౌకగా నేయించిన తివాచీలు స్వతంత్రులైన నేతగాండ్ర బ్రతుకును దెబ్బతీయుచున్నవని జార్జి బర్డ్‌వుడ్ 1880లో ప్రకటించిన గ్రంథమున ఆక్షేపించెను. ఖైదీకి నేర్పిన విద్య వానికి అన్నము పెట్టవలెనేగాని, వెలుపలివాని నోటిముందరి ముద్దను తీసివేయరాదు గదా!

మరియొక చిక్కు కలదు. మానుకోట పల్లెలో దుక్కి దున్నిన వానికి తివాచీ మగ్గము నేర్పినచో, తిరిగివచ్చిన పిదప ఆ మగ్గము వానికెక్కడ దొరకును? కావుననే రైతుబిడ్డలకు సేద్యమే తగిన శిక్షణమను భావము బలపడినది. హైదరాబాదు చెంత మౌలాలిలో 1954లోను, అనంతపురములో 1965లోను ఖైదీల వ్యవసాయక్షేత్రములు ఏర్పడినవి. ఎత్తైన గోడలు లేని ఆ బయలు జైళ్లలో పంటతోపాటు నమ్మకము కూడ సాగుబడి అయినది.

పని యొక్కటియే చాలునా? చాలదని స్టూవర్టుపురము చరిత్ర చెప్పుచున్నది. 1871నాటి నేరస్థజాతుల చట్టము 1911లో మద్రాసు రాష్ట్రమునకు విస్తరించిన పిదప, ఎరుకలవారిని సాల్వేషన్ ఆర్మీ పర్యవేక్షణలో అచ్చట నివసింపజేసిరి. కొందరికి పొలములును, కొందరికి చీరాల పొగాకు కర్మాగారమున కూలియు లభించినవి. అయినను హాజరు పట్టీ వారిని విడువలేదు. అనుమతి లేనిదే ఊరు దాటరాదు. పుట్టుకనే నేరముగా నెంచిన ఆ చట్టము 1952 ఆగస్టు 31న రద్దయినను, పేరునకు అంటిన మచ్చ చాలకాలము నిలిచినది. స్వేచ్ఛలేని పని ఒక చెర. పనిలేని స్వేచ్ఛ మరియొక చెర.

ఈ మచ్చను మాపుటకు 1958నాటి ప్రొబేషను చట్టము ఒక త్రోవ చూపినది. ఆ చట్టము క్రింద సత్ప్రవర్తన షరతుపై విడుదలైనవారికి, నేరనిర్ణయము వలన కలుగు అనర్హతలు వర్తింపవని 12వ సెక్షను పలుకుచున్నది. కాని శిక్ష అనుభవించి వచ్చినవారికి ఈ రక్షణ లేదు. వారి గతి పని యిచ్చువారి మనసుపై ఆధారపడియున్నది.

2010 దశకమున తెలంగాణ కారాగారశాఖ పెట్రోలు బంకులను నడపి, విడుదలైనవారికిని వానిలో కొలువు లిచ్చినది. ఇందలి విశేషము జీతమొక్కటియే కాదు. ప్రతిదినము పదిమంది సొమ్ము లెక్కించి అప్పగించు పని అది. ఒకనాడు నమ్మదగడనిపించుకొన్న వ్యక్తి చేతికి జనులు నిస్సంకోచముగా పైకమిచ్చి పోవుదురు.

వరంగల్లు కారాగార భవనములను ఆసుపత్రి నిర్మాణమునకై 2021లో పడగొట్టిరి. ఖైదీలను చర్లపల్లి మొదలగు జైళ్లకు తరలించిరి. భూపాలపల్లి అడవిపల్లెలోని తల్లికి కొడుకును చూచివచ్చుట మరింత దూరాభారమైనది. ఇంటితో సంబంధము తెగినవానికి విడుదలానంతరము పని చూపువారును కరవగుదురు. చుట్టమో, పొరుగువాడో చెప్పు మాట వలననే మన పల్లెలలో పెక్కుమందికి కొలువు దొరకుచుండును గదా.

కావున ప్రభుత్వము చేయవలసినది చేయుగాక. వడ్రంగము వచ్చినవానికి ఉలియు బాడిసెయు, దరజీకి కుట్టుమిషను ఇప్పించుట, నేర్చిన విద్యకు జైలు పేరులేని యోగ్యతాపత్ర మొసగుట కష్టసాధ్యములు కావు. తక్కినది మనయందున్నది. పనికై వచ్చిన వానిని “ఎచ్చటనుండి వచ్చితివి?” అని అడుగుటకు ముందు “ఏమి చేయగలవు?” అని అడుగుదము.