రెంటచింతల ఎండకి కూల్‌డ్రింక్ బాటిల్ ఎందుకు పగలదు?

ఎండాకాలం వచ్చిందంటే న్యూస్‌లో మన పల్నాడు నుంచి వినపడే పేరు రెంటచింతల. ఆ ఎండలోనే మాచర్ల, గురజాల షాపుల ముందు కూల్‌డ్రింక్ కేసులు పెట్టి ఉంటాయి. బాటిల్ లోపల గ్యాస్ ప్రెషర్ మామూలుగానే కారు టైరులో కంటే ఎక్కువ. వేడెక్కితే ఇంకా పెరుగుతుంది. అంత పల్చటి ప్లాస్టిక్ ఎలా తట్టుకుంటోంది?

ఆ ప్లాస్టిక్ పేరు పెట్. 1941లో ఇంగ్లండ్‌లో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు కెమిస్టులు దీన్ని కనిపెట్టింది బట్టల కోసం. మన పాలిస్టర్ చొక్కా కూడా ఇదే! దారాన్ని ఒకవైపు లాగితే లోపలి అణువుల గొలుసులు ఆ వైపే వరసకట్టి గట్టిపడతాయి.

బాటిల్‌కి అది చాలదు. గ్యాస్ పొడవునా లాగుతుంది, చుట్టూతా లాగుతుంది. చుట్టూ పడే బలం పొడవునా పడేదానికి రెట్టింపు. అమెరికాలో డ్యూపాంట్ ఇంజనీర్ నథానియల్ వైత్, డిటర్జెంట్ బాటిల్లో జింజర్ ఏల్ పోసి ఫ్రిజ్‌లో పెట్టి చూస్తే అది ఉబ్బిపోయింది. దాంతో ప్లాస్టిక్‌ని రెండువైపులా సాగదీయాలని పట్టుబట్టాడు. 1973లో పెట్ బాటిల్‌కి పేటెంట్ వచ్చింది.

ఇప్పుడు ఫ్యాక్టరీలో టెస్ట్‌ట్యూబ్ లాంటి ముక్కని 100 డిగ్రీల దగ్గరకి వేడిచేసి, లోపల కడ్డీతో కిందికి తోసి, గాలి ఊదుతారు. పల్చబడ్డ చోట ప్లాస్టిక్ గట్టిపడి ఆగిపోతుంది, అప్పుడు పక్క భాగం సాగుతుంది. అలా గోడ మందం చాలావరకు దానంతటదే సర్దుకుంటుంది.

మరి ఎంత సాగుతుందో ముందే లెక్క కట్టొచ్చా? అసలు చిక్కు ఇక్కడే. కోటప్పకొండ తిరునాళ్లలో కొన్న బెలూన్ తీసుకోండి. ఓ ముక్క కోసి ఒకవైపు లాగితే అడ్డంగా సన్నబడుతుంది. ఊదితే అలా సన్నబడే వీల్లేదు, అన్నివైపులా సాగాల్సిందే. 1944లో ట్రెలోర్ ఒకే రబ్బరుని రకరకాలుగా సాగదీసి కొలిచాడు. ఒకవైపు లాగిన కొలతలకి సరిపెట్టిన ఫార్ములా, రెండువైపులా సాగదీస్తే తప్పొచ్చని ఆ కొలతలు చూపిస్తాయి.

పెట్‌తో ఇంకో తలనొప్పి: వేడి, వేగం కొంచెం మారినా ప్రవర్తన మారిపోతుంది. 1995లో ఆక్స్‌ఫర్డ్‌కి చెందిన బక్లీ, జోన్స్ దీన్ని రెండు భాగాలుగా విడగొట్టారు. ఒకటి, అణువులు ఒకదానిమీద ఒకటి జారడానికి పడే అడ్డు, జిగురులా. రెండోది, చిక్కుపడ్డ గొలుసులు రబ్బరులా వెనక్కి లాగడం. మరుసటి ఏడాదే రెండువైపులా సాగదీసిన పెట్‌తో పోల్చి చూశారు.

ఇలాంటి మోడల్స్ ఉంటే అచ్చు తయారు చేయకముందే, ఏ మూల మరీ పల్చబడుతుందో కంప్యూటర్లో అంచనా వేయొచ్చు. పల్చబడితే పగులుతుంది, మందంగా ఉంటే ప్లాస్టిక్ దండగ. కోడ్ రాసేవాళ్లకి కూడా ఇందులో పాఠం ఉంది: ఒక్క రకం టెస్ట్ పాసైందని మోడల్‌ని నమ్మేయకూడదు.

లాస్ట్ పాయింట్. పెట్ 75 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. రెంటచింతల ఎండ అంతదాకా వెళ్లదు, మరుగుతున్న నీళ్లు దాటిపోతాయి. అందుకే ఖాళీ బాటిల్లో వేడివేడి సాంబారు పోస్తే, సాగిన గొలుసులు వెనక్కి ముడుచుకుని బాటిల్ వంకరపోతుంది. సాంబారుకి స్టీలు క్యారేజీయే వాడండి!