పెళ్లికి ముందు కెమికల్ పీల్ చేయించుకుంటున్నారా..? రీల్స్‌లో చూపించని విషయాలు ఇవే!

ముహూర్తాల సీజన్ వచ్చిందంటే చాలు.. స్కిన్ క్లినిక్‌లలో వినిపించే మాట ఒకటే. "పది రోజుల్లో పెళ్లి ఉంది, పీల్ చేస్తారా?" 30 సెకన్ల రీల్‌లో అంతా ఈజీగానే కనిపిస్తుంది. బ్రష్‌తో ఏదో పూస్తారు.. కట్ చేస్తే ముఖం మెరిసిపోతుంది. కానీ ఆ కట్‌కు అటూ ఇటూ గడిచే రోజుల సంగతి ఎవరూ చూపించరు. మరి పీల్ చేయించుకుంటే నిజంగా ఏం జరుగుతుంది? చూద్దాం..

అసలు పీల్ అంటే ఏంటి?

చర్మం పై పొరను యాసిడ్‌తో నియంత్రిత పద్ధతిలో ఊడేలా చేయడమే కెమికల్ పీల్. కింద నుంచి కొత్త చర్మం వస్తుంది. ఇందులో మూడు రకాలు ఉంటాయి. పైపైన పనిచేసే వాటిలో గ్లైకోలిక్, శాలిసిలిక్, లాక్టిక్, మాండెలిక్ యాసిడ్లు వాడతారు. మధ్యస్థ లోతుకు 35 శాతం టీసీఏ వాడతారు. బాగా లోతుగా వెళ్లేది ఫినాల్. దీంతో గుండె లయ తప్పే ప్రమాదం ఉంది కాబట్టి మానిటర్ పెట్టి చేయాల్సిందే. మనలాంటి చామనఛాయ చర్మానికి డాక్టర్లు సాధారణంగా పైపై పీల్సే ఎంచుకుంటారు.

క్లినిక్‌లో ఏం చేస్తారు?

ముందు ముఖం కడిగించి, స్పిరిట్‌తోనో అసిటోన్‌తోనో జిడ్డు తీసేస్తారు. కళ్ల మూలలు, పెదవుల దగ్గర వాసెలిన్ రాస్తారు. తర్వాత యాసిడ్ పూస్తారు. చురుక్కుమంటుంది, మంట పుడుతుంది. అందుకే ఫ్యాన్ దగ్గర పెడతారు. గ్లైకోలిక్ అయితే కొన్ని నిమిషాలకే సోడా బైకార్బ్ ద్రావణంతోనో చల్లటి నీళ్లతోనో ఆపేయాలి. టైమ్ దాటితే కాలిన గాయమే. అనుభవం ఉన్న చెయ్యి కావాలనేది ఇందుకే.

తర్వాతి వారం ఇలా..

మొదటి రోజు ముఖం ఎర్రబడి బిగుసుకున్నట్లు ఉంటుంది. రెండు, మూడు రోజులకు పొట్టు లేస్తుంది. కొందరికి అసలు లేవదు, అంతమాత్రాన పీల్ పనిచేయలేదని కాదు. పైపై పీల్ అయితే దాదాపు వారంలో సర్దుకుంటుంది. మధ్యస్థ పీల్‌కు రెండు వారాల వరకు పట్టొచ్చు. పొట్టును గోళ్లతో లాగితే మచ్చ పడుతుంది. మాయిశ్చరైజర్, కనీసం ఎస్‌పీఎఫ్ 30 ఉన్న సన్‌స్క్రీన్ తప్పనిసరి. బొబ్బలు, చీము, రోజురోజుకూ పెరిగే నొప్పి కనిపిస్తే ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

మనకే ఎందుకు ఎక్కువ జాగ్రత్త?

మన చర్మంలో మెలనిన్ చురుగ్గా ఉంటుంది. కాస్త కాలినా, వాచినా అక్కడ నల్లగా మారిపోతుంది. మచ్చ పోతుందని వెళ్తే కొత్త మచ్చ వచ్చేది ఇలాగే. అది తగ్గడానికి నెలలు పట్టొచ్చు. అందుకే రెండు నుంచి నాలుగు వారాల ముందే సన్‌స్క్రీన్, డాక్టర్ రాసిన క్రీములతో చర్మాన్ని సిద్ధం చేస్తారు.

డాక్టర్‌కు ఇవి దాచొద్దు

* గర్భం, పాలివ్వడం
* మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడటం
* పెదవుల దగ్గర తరచూ జ్వరపు పొక్కులు రావడం
* ఆస్పిరిన్ అలర్జీ (ఉంటే శాలిసిలిక్ పనికిరాదు)
* మెడికల్ షాపులో అడిగి కొనుక్కున్న 'ఫెయిర్‌నెస్' స్టెరాయిడ్ క్రీములు

పెళ్లి ఉంటే లెక్క ఇదీ..

సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాల గ్యాప్‌తో నాలుగు నుంచి ఆరు సిట్టింగ్‌లు పడతాయి. అంటే నాలుగైదు నెలల ముందే మొదలుపెట్టాలి. చివరి సిట్టింగ్‌కు, పెళ్లికి మధ్య కనీసం మూడు, నాలుగు వారాలు ఉండేలా చూసుకోండి. పీల్‌కు వారం ముందు నుంచే త్రెడింగ్, బ్లీచ్, వ్యాక్సింగ్ ఆపేయాలి. ఇంకో ముఖ్యమైన మాట. ఇంట్లో నలుగు పెడతారు కదా.. పొట్టు లేస్తున్న ముఖం మీద సున్నిపిండితో రుద్దితే ఇక అంతే. ఆ వారంలో పీల్ చేయించుకున్నారని పెద్దవాళ్లకు ముందే చెప్పేయండి, ముఖం వదిలేసి చేతులకు, కాళ్లకు రాయమనండి.

ఆన్‌లైన్ బాటిల్స్ వద్దు

యాసిడ్ బాటిల్స్ ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. డాక్టర్ పర్యవేక్షణ లేకుండా ఇలాంటివి కొనొద్దు, వాడొద్దు అని అమెరికా ఎఫ్‌డీఏ 2024 జులైలో హెచ్చరించింది. కాలిన గాయాలు, మచ్చలు, ఇన్‌ఫెక్షన్లు రావొచ్చని చెప్పింది. క్లినిక్‌కు వెళ్లినా యాసిడ్ పూసేది ఎవరు? వాళ్లు డెర్మటాలజీ చదివారా? ఈ రెండూ అడగండి. అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

ఏం తగ్గుతుంది? ఏం తగ్గదు?

మొటిమలు, అవి మిగిల్చిన నల్ల మచ్చలు, కాంతి లేని చర్మం.. వీటిలో మార్పు కనిపిస్తుంది. మంగు మచ్చలు తగ్గినా, ఎండలో తిరిగితే మళ్లీ వస్తాయి. లోతైన గుంటలు పైపై పీల్‌తో పోవు. ఇక పుట్టుకతో వచ్చిన రంగును ఏ పీలూ మార్చలేదు. "తెల్లగా చేస్తాం" అని ఎవరైనా గ్యారంటీ ఇస్తే.. అక్కడి నుంచి లేచి వచ్చేయడమే మంచిది.

(గమనిక: ఈ వివరాలు అవగాహన కోసం మాత్రమే. మీ చర్మానికి ఏది సరిపోతుందో చర్మ వైద్యులను కలిసి తెలుసుకోండి.)