మేస్ టెలిస్కోపు

అంతరిక్షం నుంచి వచ్చే అత్యధిక శక్తి గామా కిరణాలను పసిగట్టే టెలిస్కోపు. లద్దాఖ్‌లోని హాన్లేలో, సముద్రమట్టానికి సుమారు 4,300 మీటర్ల ఎత్తున ఉంది. భాభా అణు పరిశోధన కేంద్రం చేపట్టగా హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ తయారుచేసింది. ముందు హైదరాబాద్‌లోనే బిగించి చూసి, విడదీసి కొండలెక్కించారు.

నిజానికి గామా కిరణం నేలదాకా రాదు. గాలి పైపొరల్లో అణువును ఢీకొని ఎలక్ట్రాన్లు, పాజిట్రాన్ల జల్లుగా మారుతుంది. గాలిలో కాంతి వేగం కాస్త తగ్గుతుంది కనుక ఈ కణాలు దాన్ని మించి దూసుకెళ్తాయి. అప్పుడు పుట్టే నీలి మెరుపే చెరెంకోవ్ కాంతి. అది నిలిచేది కొద్ది నానోసెకన్లు. 21 మీటర్ల వ్యాసమున్న అద్దాల పళ్లెం దాన్ని ఒడిసిపట్టి, 1,088 ఫోటోమల్టిప్లయర్ గొట్టాలున్న కెమెరాపైకి మళ్లిస్తుంది.

అసలు చిక్కు కాస్మిక్ కిరణాలతోనే. అవీ ఇలాంటి మెరుపులే పుట్టిస్తాయి, అదీ ఎన్నో రెట్లు ఎక్కువగా. గామా కిరణం బొమ్మ సన్నగా కోలగా, వాటి బొమ్మ చెల్లాచెదురుగా పడుతుంది; ఆ తేడా చూసే ఏరాలి. 1989లో అమెరికాలోని విపుల్ టెలిస్కోపు ఈ పద్ధతిలోనే క్రాబ్ నెబ్యులా గామా కిరణాలను పట్టుకుంది.

మేస్‌ను 2024 అక్టోబరు 4న ప్రారంభించారు.