రాత్రిపూట ఒంటరిగా చదవొద్దు

విజయవాడ లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల కొట్ల దగ్గర ఆగకుండా వెళ్ళిపోవడం నాకెప్పుడూ చేతకాలేదు. కొన్నాళ్ళ కిందట అలా ఆగినప్పుడు ఒక బైండు పుస్తకం దొరికింది. అట్ట మీద పేరు లేదు. లోపల వారపత్రికలోంచి ప్రతివారం జాగ్రత్తగా చింపి, వరస తప్పకుండా పేర్చి, దారంతో కుట్టించిన సీరియల్ ఉంది. యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం'. 1980ల తొలి ఏళ్ళలో ఆంధ్రభూమి వారపత్రికలో వచ్చింది. నవల అచ్చు పుస్తకంగా ఎక్కడైనా దొరుకుతుంది. నేను డబ్బులిచ్చి కొన్నది నవలని కాదు, దాని చివర కుట్టిన తెల్లకాగితాన్ని.

ఆ కాగితం మీద కనీసం నాలుగు చేతిరాతలున్నాయి. పైన గుండ్రటి అక్షరాలతో "రాత్రిపూట ఒంటరిగా చదవొద్దు" అని ఉంది. దాని కింద వేరే సిరాతో "పగలు చదివినా అంతే" అని. ఇంకొకావిడ "మావారు క్యాంపుకెళ్ళినప్పుడు చదివాను, బుద్ధి తక్కువై" అని రాసుకుంది. అన్నిటికన్నా కింద "ఇలాంటిదే ఇంకోటి ఉంటే పేరు రాయండి" అని ఒక అభ్యర్థన. ఎవరో జవాబు కూడా రాశారు. రెండు పేర్లు. చెమ్మకి సిరా అలుక్కుపోయి ఒక్క అక్షరం కూడా పోల్చుకోవడానికి రావడం లేదు.

మన సాహిత్య చరిత్రలో ఈ కాగితానికి చోటెక్కడ? తెలుగు స్త్రీల పఠనం గురించి రాసినవాళ్ళు 1960, 70ల నవలా రచయిత్రుల దగ్గర ఆగుతారు. అక్కడా సగంమంది విమర్శకులు వెక్కిరించడానికే ఆగారు: వంటింటి సాహిత్యం, కలల రాకుమారులు, కాలక్షేపం. ఆ వెక్కిరింతకి స్త్రీవాదులం జవాబు చెప్పుకున్నాం, ఆ నవలల్లో ఆడవాళ్ళ కోరికల్ని మళ్ళీ చదువుకున్నాం. కానీ అదే ఆడవాళ్ళు, అదే మధ్యాహ్నాల్లో, అదే చేత్తో దెయ్యాల నవలలూ చేతబడి నవలలూ చదివారన్న సంగతి మాత్రం మనమూ పక్కన పెట్టాం. అవి మగవాళ్ళు రాసిన క్షుద్ర సాహిత్యం, మనకెందుకులే అనుకున్నామేమో. ప్రేమని కోరుకున్న పాఠకురాలిని సమర్థించినంత తేలిగ్గా, భయాన్ని కోరుకున్న పాఠకురాలిని సమర్థించలేకపోయాం.

బెజవాడకి పుస్తకాల ఊరన్న పేరు ఊరికే రాలేదు. అయ్యంకి వెంకటరమణయ్య వంటివారి పూనికతో 1914లో ఆంధ్రదేశంలోని గ్రంథాలయాల ప్రతినిధులు సమావేశమైంది ఇక్కడే. ఆ ఉద్యమం ఊరూరా పఠనాలయాలు పెట్టించింది, పడవల మీద కాలువ గట్ల ఊళ్ళకి పుస్తకాలు పంపింది. దాని గొప్పతనాన్ని కాదనలేం. అయితే ఆ గ్రంథాలయాల్లో బల్లల ముందు కూర్చుని పేపరు తిరగేసింది ఎక్కువగా మగవాళ్ళే. మా అమ్మ తరానికి పుస్తకం ఇంట్లోకి వచ్చింది అద్దె కొట్లలోంచి. డిపాజిట్ కొంత కట్టాలి, రోజుకింతని అద్దె. పుస్తకానికి ఖాకీ అట్ట, పక్కన బెజ్జాలు పొడిచి పురికొస కుట్టు. ఎడమవైపు అక్షరాలు సగం ఆ కుట్టులోకి వెళ్ళిపోయేవి. కొట్టతను నోటుపుస్తకంలో ఇంటి గుర్తు రాసుకునేవాడు: నీలం గేటు, డాబా మీద వాటా, టీచరుగారిల్లు. ఆ నోటుపుస్తకాలు ఒక్కటైనా మిగిలుంటే కృష్ణా డెల్టా ఆడవాళ్ళ పఠన చరిత్ర మరోలా రాసుకునేవాళ్ళం. అన్నీ తూకానికి వెళ్ళిపోయాయి.

కొట్టుకి వెళ్ళేది పిల్లలం. అమ్మలు అక్కడ నిలబడి పుస్తకాలు తిరగేసేవారు కాదు, బాగుండదు కనక. కాబట్టి ఏం తేవాలో ముందే తేలిపోవాలి. అది వరండాల్లో, డాబాల మీద, వడియాలు పెడుతూ, కుళాయి దగ్గర బిందె నిండేలోగా తేలేది. సత్యనారాయణపురంలో మా వీధిలో భయం నవలలకి ప్రత్యేకమైన మర్యాదలుండేవి. చివర ఏమవుతుందో చెప్పకూడదు. ఎక్కడ ఆపి పడుకుంటే నిద్రపడుతుందో చెప్పాలి. ఎవరు చదవకూడదో కూడా చెప్పాలి: జ్వరంతో ఉన్నవాళ్ళు, పసిబిడ్డ తల్లులు, ముఖ్యంగా కడుపుతో ఉన్నవాళ్ళు. మా పిన్ని ఏడో నెలలో పుట్టింటికొచ్చి, బియ్యం డబ్బాలో దాచుకుని 'తులసిదళం' మొత్తం చదివేసింది. ఆ సంగతి బిడ్డ పుట్టి, అంతా క్షేమమని తేలాకే బయటపెట్టింది. నిషేధాన్ని దాటి వచ్చినదాని ముఖంలో ఉండే వెలుగు నేను మొదటిసారి చూసింది అప్పుడే.

ఈ నవలలు రాకముందు ఆడవాళ్ళు భయపడలేదని కాదు. చందమామలో బేతాళుడు చెట్టు మీంచి వేలాడుతూనే ఉన్నాడు. 'శిథిలాలయం', 'రాకాసిలోయ' వంటి సీరియళ్ళని పేరు వేసుకోకుండా రాసిన దాసరి సుబ్రహ్మణ్యం చివరి రోజుల్లో విజయవాడలోనే ఉండి 2010లో ఇక్కడే కన్నుమూశారు. 1977 నవంబరు 19న దివిసీమని ఉప్పెన ముంచెత్తాక అవనిగడ్డ వైపు నుంచి వచ్చిన బంధువులు చెప్పిన కథలు వేరు. వాటిని కథలనడానికి ఇప్పటికీ మనసు ఒప్పదు. ఇక తలుపుల మీద సుద్దతోనో బొగ్గుతోనో రాసిన "ఓ స్త్రీ రేపు రా" తెలియని తెలుగు ఇల్లుండదు. రాత్రిపూట తలుపు తట్టే ఆడదెయ్యం ఆ రాత చదివి, సరే రేపొద్దాంలే అని వెళ్ళిపోతుందట. మర్నాడూ అదే రాత. కర్ణాటకలో దీన్నే 'నాళె బా' అన్నారు. 2018లో వచ్చిన హిందీ సినిమా 'స్త్రీ'కి కూడా ఇదే మూలం. నాకు అప్పుడూ ఇప్పుడూ ఆశ్చర్యం ఒక్కటే. దెయ్యానికి చదువొచ్చు! మాట నమ్మే మంచితనం కూడా ఉంది. మా వీధిలో ఆ రాత చదవలేని ఆడవాళ్ళు ముగ్గురు నలుగురుండేవారు.

అయితే అద్దె నవల తెచ్చిన భయం అడవిలోనో శ్మశానంలోనో ఉండేది కాదు. 'తులసిదళం'లో ఒక పసిపిల్ల ప్రాణానికి డబ్బు ముడిపడి ఉంటుంది. ఆ డబ్బు కోసం పిల్ల మీద చేతబడి చేయిస్తారు. ఒకవైపు డాక్టర్లు, మరోవైపు మంత్రగాళ్ళు పరుగులు పెడతారు. చివరికి పిల్లని కాపాడింది ఏదన్నది పాఠకులే తేల్చుకోవాలన్నట్టుగా రచయిత రెండు తలుపులూ తెరిచే ఉంచుతారు. మా అమ్మవాళ్ళు మాట్లాడుకున్నది మంత్రగాడి గురించి కాదు. పిల్ల ఎందుకలా అయిపోతోందో తెలియక కొట్టుకుపోయే తల్లి గురించి. సొంత మనుషుల మధ్యే, దీపం వెలుగుతున్న ఇంట్లోనే కీడు ఉంటుందన్న సంగతి గురించి. ఆస్తి, చుట్టరికం, ఆడపిల్ల. ఈ మూడూ ఒకచోట చేరితే ఏం జరుగుతుందో వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. అత్తింట్లో ఫలానావాళ్ళంటే నాకు భయం అని పైకి అనలేనిచోట, ఈ పుస్తకం చదివితే భయమేసింది అనొచ్చు కదా. ఆ మాట వెనక ఇంకో మాట ఉందని వినేవాళ్ళకి తెలుసు.

ఇది మన ఒక్క ఊరి సంగతీ కాదు. జేన్ ఆస్టిన్ 'నార్తాంగర్ ఆబీ'లో ఇసబెల్లా అన్న పిల్ల తన స్నేహితురాలు కాథరిన్‌కి చదవాల్సిన భయం నవలల పట్టిక ఇస్తుంది. ఏడు పేర్లు. అవన్నీ నిజంగా భయంకరమైనవేనా అన్నదొక్కటే కాథరిన్ ఆరాటం. ఆస్టిన్ నవ్వుతూనే రాసింది గానీ ఆ నవ్వులో తిరస్కారం లేదు. ఆ ఏడు పేర్లూ ఆవిడ కల్పించినవేనని చాలాకాలం అనుకున్నారు. 1920ల్లో మైకేల్ సాడ్లియర్ పరిశోధనతో అవి నిజంగా అచ్చయిన పుస్తకాలేనని తేలింది. ఏడింటిలో నాలుగు స్త్రీలు రాసినవి. ఎలైజా పార్సన్స్‌వి రెండు, రెజీనా మరియా రోష్, ఎలినార్ స్లీత్‌లవి ఒక్కొక్కటి. అక్కడా అద్దె గ్రంథాలయాలే, అక్కడా చెడిపోతారన్న గగ్గోలే. ఒక స్నేహితురాలి నోట వచ్చిన పట్టికని ఒక రచయిత్రి నవలలో పెట్టబట్టి ఆ పుస్తకాలు బతికాయి. మా వీధి పట్టికకి ఆస్టిన్ లేదు.

మరో తేడా కూడా ఉంది. అక్కడ రాసినవాళ్ళలోనూ స్త్రీలున్నారు. మన దగ్గర కొట్లో దొరికే భయానికి రచయితలు దాదాపుగా మగవాళ్ళే. అందుకే కాబోలు, ఆ నవలల్లో ఆడవాళ్ళు ఒళ్ళు మీదికి ఏదో వచ్చి ఊగిపోయేవాళ్ళో, బలయ్యేవాళ్ళో, బలి ఇచ్చేవాళ్ళో తప్ప ఆలోచించేవాళ్ళుగా కనిపించడం తక్కువ.

ఇక్కడ రంగనాయకమ్మగారి దగ్గరికి రాక తప్పదు. నవల ఊపు మీదున్న రోజుల్లోనే ఆవిడ 'తులసిదళం కాదు, గంజాయి దమ్ము' అని ఒక పుస్తకమే రాశారు. సైన్సునీ చేతబడినీ ఒకే తక్కెడలో పెట్టడం పాఠకుల బుద్ధిని మత్తులో ముంచడమేనన్నది ఆవిడ వాదన. ఆ రోజుల్లో నాకు ఆ పుస్తకం మీద ఒళ్ళుమండింది. నా సరదా పాడుచేసిందని. ఇప్పుడు చదివితే వాదన బలం తెలుస్తోంది. ఎందుకంటే చేతబడి అన్నది పుస్తకంలో మాటే కాదు. మంత్రాలు పలక్కుండా చేస్తామని పళ్ళూడగొట్టిన మనుషులు, చెట్టుకి కట్టేసి కొట్టినవాళ్ళు, తగలబెట్టినవాళ్ళు మన తెలుగు జిల్లాల వార్తల్లో ఏళ్ళ తరబడి ఉన్నారు. మగవాళ్ళూ బలయ్యారు గానీ, మొగుడు పోయి, కాస్త పొలమో ఇల్లో ఉండి, ఒంటరిగా బతికే ఆడదాని మీద ఆ వేలు చూపడం చాలా తేలిక. బీహార్ 1999లో, జార్ఖండ్ 2001లో, మహారాష్ట్ర 2013లో ఇలాంటి హింస మీద ప్రత్యేక చట్టాలు తేవలసి వచ్చింది. మా ఊళ్ళోనే పటమటలో నాస్తిక కేంద్రం ఉంది. గోరా, సరస్వతి గోరా 1940లో ముదునూరులో మొదలుపెట్టి 1947లో విజయవాడకి తెచ్చారు. నిప్పుల మీద నడవడంలో మహిమేమీ లేదని జనం ముందు నడిచి చూపించినవాళ్ళు. ఒకే ఊళ్ళో ఈ చివర వాళ్ళు మూఢనమ్మకాన్ని కడుగుతుంటే, ఆ చివర మేం పురికొస కుట్టిన పుస్తకంలో దాన్ని గుటకలు వేస్తున్నాం.

నేను తప్పించుకోలేని సంగతొకటి చెబుతాను. మా వీధి చివరింట్లో ఒక మామ్మగారు ఒక్కరే ఉండేవారు. పిల్లల్లేరు. పెరట్లో నిమ్మచెట్టు. ఆ సీరియల్ చదివిన వేసవిలో మా పిల్లల గుంపు ఆ నిమ్మకాయల్ని వేరే కళ్ళతో చూడటం మొదలెట్టింది. ఆవిడ ఎదురైతే పరుగు. ఒకరోజు గుమ్మం ముందు ఎర్రనీళ్ళు కనిపించాయని పుకారు పుట్టింది. పుట్టించినవాళ్ళలో నేనూ ఉన్నాను. వారం తిరక్కుండా ఆవిడింట్లో పాలు పోసేవాడు గిన్నె గేటు బయటే పెట్టమన్నాడు. పెద్దవాళ్ళెవరూ కల్పించుకోలేదు. అక్కడితో ఆగింది కాబట్టి ఇవాళ నవ్వుతూ రాయగలుగుతున్నాను. ఎక్కడైతే ఆగలేదో అక్కడా ఇలాగే మొదలై ఉంటుంది.

ఆగడానికి కారణం ఆవిడే. ఓ మధ్యాహ్నం మా వరండా మెట్టెక్కి, నా చేతిలో పుస్తకం చూసి, "ఏమ్మాయ్, నన్ను చూసి పారిపోయేది ఈ పుస్తకం వల్లేనటగా. ఓసారి ఇవ్వు, నేనూ చూస్తాను" అన్నారు. మా అమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. మామ్మగారు మూడు రోజులు పెట్టుకున్నారు. తిరిగిచ్చేటప్పుడు అమ్మతో, "రాత్రి లేచి రెండుసార్లు తలుపు గడియ చూసుకున్నానమ్మా, బాగా రాశాడు" అన్నారు. నావైపు తిరిగి, "దీని తర్వాతది 'తులసి' అని ఉందటగా, కొట్లో అడిగి తెచ్చిపెట్టు, అద్దె నేనిస్తాలే" అన్నారు. ఆ తర్వాత ఆ వీధిలో ఏది బాగుందో ఏది దండగో తేల్చేది ఆవిడే.

రంగనాయకమ్మగారిది కరెక్టే, మామ్మగారిదీ కరెక్టే అంటే తప్పించుకున్నట్టుంటుందేమో. నేననేది వేరు. మంచి పుస్తకం ఒంటరిగా చదివినప్పుడు చేసే పని ఒకటి, పదిమంది ఆడవాళ్ళు చేతులు మార్చుకుంటూ మాట్లాడుకున్నప్పుడు చేసే పని ఒకటి. ఆ చేతుల్లో మామ్మగారివి కూడా ఉన్నాయా లేదా అన్నది ముఖ్యం. 'మసూద', 'విరూపాక్ష' లాంటి సినిమాలు చూసొచ్చిన మా విద్యార్థినులతోనూ నేనిదే మాట్లాడతాను. 'విరూపాక్ష'లో చేతబడి నెపంతో ఊరు ఒక జంటని చంపేయడంతోనే కథంతా మొదలవుతుంది. అంత చూపించి కూడా చివరికి ఆ ఊరి అనుమానమే నిజమన్నట్టు తేలడం నాకు మింగుడుపడలేదు. పిల్లలకి మాత్రం పడింది. చాలాసేపు పోట్లాడుకున్నాం.

బైండు చివర ఆ అభ్యర్థన దగ్గరికి మళ్ళీ వస్తాను. ఇలాంటిదే ఇంకోటి. చాలా ఆలోచించాక, విజయవాడలోనే ఇంగ్లీషు పాఠాలు చెప్పిన పి. సత్యవతిగారి 'ఇల్లలకగానే' పేరు పెన్సిలుతో రాశాను. ఇల్లు అలుకుతూ అలుకుతూ ఒకావిడ తన పేరు మర్చిపోతుంది. అడిగినవాళ్ళలో చాలామందికి తెలియదు. దాన్ని మనం స్త్రీవాద కథగా పాఠం చెబుతాం, వ్యంగ్యం అంటాం. షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ రాయగా 1892లో అచ్చయిన 'ద యెల్లో వాల్‌పేపర్' కూడా చాలాకాలం దెయ్యాల కథల సంకలనాల్లోనే ఉండి, స్త్రీవాదులు తీసుకొచ్చాక పాఠ్యపుస్తకాల్లోకి వెళ్ళింది. సత్యవతిగారి కథని నేను ఎదురుదారిలో తీసుకెళ్ళాలనుకుంటున్నాను, దెయ్యాల అరలోకి. ఇంట్లో అందరూ పడుకున్నాక ఒకసారి దాన్ని ఆ దృష్టితో చదవండి. నాకు గడియ చూసుకోవాలనిపించింది.

బైండు ప్రస్తుతం మా వదిన దగ్గరుంది. రెండు నెలలయింది, ఇంకా తిరిగివ్వలేదు.