కిరియామా రెయ్

కిరియామా రెయ్ జపాన్ రచయిత్రి, చిత్రకారిణి ఉమినో చికా సృష్టించిన ‘మార్చ్ కమ్స్ ఇన్ లైక్ ఎ లయన్’ మాంగా (జపాన్ బొమ్మల కథ) కథానాయకుడు. ఈ మాంగా 2007లో హకుసెన్షా సంస్థ వారి పక్షపత్రిక ‘యంగ్ యానిమల్’లో మొదలైంది. అప్పటికి కథలో రెయ్ వయసు 17. వృత్తి షోగి ఆట. టోక్యోలో నది ఒడ్డున, సామాను కూడా సరిగా లేని ఫ్లాట్‌లో ఒక్కడే ఉంటాడు. కుంగుబాటులో కూరుకుపోయిన ఈ కుర్రాడు చుట్టూ ఉన్న మనుషుల వల్ల ఎలా మారాడన్నదే కథంతా.

షోగి మన చదరంగానికి దూరపు చుట్టం. 81 గళ్ల బల్ల మీద చెరి 20 పావులతో ఆడతారు. చంపిన పావును తన పావుగా మళ్లీ బల్ల మీద పెట్టుకోవచ్చు కాబట్టి ఆట చివరిదాకా వేడి తగ్గదు. కథలో రెయ్, మిడిల్ స్కూల్లో ఉండగానే వృత్తి ఆటగాడైన ఐదో వ్యక్తి. నిజ జీవితంలో ఆ ఐదో స్థానం 2016లో పద్నాలుగేళ్ల ఫుజీ సోతాకు దక్కింది. అంటే రచయిత్రి ఊహించినదాన్ని తొమ్మిదేళ్ల తర్వాత ఒక నిజమైన బాలుడు చేసి చూపించాడు.

కొడా ఇల్లు

రెయ్ చిన్నతనంలోనే తల్లిదండ్రులు, చెల్లెలు రోడ్డు ప్రమాదంలో చనిపోతారు. అంత్యక్రియలకు వచ్చిన తండ్రి స్నేహితుడు, వృత్తి ఆటగాడు కొడా మసాచికా, నీకు షోగి ఇష్టమా అని పిల్లవాణ్ణి అడుగుతాడు. ఇష్టమే అంటాడు రెయ్. అది అబద్ధం. ఆ ఒక్క మాట అనకపోతే అనాథాశ్రమమే గతి అని ఆ వయసుకే అతనికి అర్థమైంది.

కొడా చెడ్డవాడు కాడు. అయితే ఆ ఇంట్లో తండ్రి దృష్టిలో పడాలంటే షోగి ఒక్కటే దారి. సొంత పిల్లలు క్యోకో, ఆయుము ఇద్దరూ ఆ ఆటలో రెయ్ వెనక పడ్డారు. తమ్ముడు ఆయుము వీడియో గేముల్లో మునిగిపోయాడు. రెయ్‌ను గెలవలేని క్యోకోను ఆట మానేయమన్నది తండ్రే. తలదాచుకోవడానికి నేర్చిన విద్య ఇంకొకరి ఇంటిని కూల్చిందన్న అపరాధభావం రెయ్‌ను వెంటాడుతుంది. మిడిల్ స్కూలు అవగానే ఆ ఇల్లు విడిచి వస్తాడు. మొదటి అధ్యాయంలో అతను ఓడించేది ఈ పెంపుడు తండ్రినే. ఆ గెలుపులో సంతోషం మచ్చుకైనా కనబడదు.

క్యోకో మాత్రం వదలదు. పోటీల ముందు ఫ్లాట్‌కు వచ్చి, ఎదుటి ఆటగాడి ఇంట్లో కష్టాలు చెప్పి మనసు కలచివేస్తుంది. కోపం, ఆపేక్ష విడదీయలేనంతగా కలిసిన ఈ బంధాన్ని ఉమినో తేల్చి చెప్పకుండా ఉంచింది. క్యోకోను దుష్టపాత్రగా చదివేవాళ్లు ఆమెకు జరిగిన అన్యాయాన్ని మరిచిపోతున్నారనే చెప్పాలి.

నది అవతలి ఇల్లు

సీనియర్లు తాగించి వదిలేసి వెళ్లిపోయిన ఒక రాత్రి, రోడ్డు మీద పడి ఉన్న రెయ్‌ను కవామోతో అకారి ఇంటికి తీసుకొస్తుంది. అకారి, హినాతా, మోమో అక్కచెల్లెళ్లు. తల్లి లేదు, తండ్రి వదిలిపోయాడు. తాత ‘మికజుకి దో’ అనే మిఠాయి కొట్టు నడుపుతాడు. సుమిదా నది ఒడ్డున ఉన్న సుకుదా ప్రాంతాన్ని చూసి రచయిత్రి ఈ పేటను గీసింది.

ఈ ఇంట్లో రెయ్‌కు మొదట దొరికేది అన్నం. వేడి కూర, నిండుగా వడ్డించిన గిన్నె, చుట్టూ పిల్లులు. ఇక్కడ ఎవరూ అతని గెలుపోటములను లెక్కపెట్టరు. అయినా రెయ్ గడప దగ్గరే తటపటాయిస్తాడు. ఓబోన్ పండుగకు అక్కచెల్లెళ్లు పోయినవాళ్లను తలచుకోవడం చూసినప్పుడు, తన వాళ్ల కోసం తాను దుఃఖపడడానికైనా సాహసించలేదని గ్రహిస్తాడు.

హినాతా

కథకు గుండెకాయ హినాతా బడి ఘట్టం. తరగతిలో అందరూ కలిసి వేధిస్తున్న స్నేహితురాలు చిహో పక్షాన హినాతా నిలబడుతుంది. చిహో ఊరు విడిచి వెళ్లిపోయాక ఆ వేధింపు హినాతా మీదికి మళ్లుతుంది. ఆమె వెక్కివెక్కి ఏడుస్తుంది, భయపడుతుంది, కానీ తాను చేసింది తప్పు కాదని గట్టిగా అంటుంది. ఆ మాట విన్న రెయ్‌కు తన చిన్ననాటి బడి గుర్తొస్తుంది. అప్పుడు అతని పక్కన ఎవరూ నిలబడలేదు. ఇన్నేళ్ల తర్వాత ఒక పిల్ల ధైర్యం ఆ పాత గాయానికి ఊరటనిచ్చింది. జీవితాంతం పట్టినా సరే ఈ ఋణం తీర్చుకుంటానని అక్కడికక్కడే మాట ఇస్తాడు.

తీర్చుకోవడం ఎలాగో మాత్రం తెలియదు. అవసరమవుతుందేమోనని ముందు డబ్బు కూడబెట్టడానికి ఎక్కువ పోటీలు గెలవాలనుకుంటాడు. సలహా కోసం స్కూలు టీచర్ హయాషిదా దగ్గరికి వెళ్తాడు. విహారయాత్రకు వెళ్లిన హినాతా ఒంటరిగా ఉంటుందని బెంగపడి, ఒసాకాలో ఒక షోగి పోటీ ఫైనల్ గెలిచిన వెంటనే క్యోతోకు పరుగెత్తి, నది ఒడ్డున కూర్చున్న ఆమెను వెతికి పట్టుకుంటాడు. సమస్య తీర్చే శక్తి అతనికి లేదు, పక్కన ఉండగలడంతే. రెయ్ ఎదుగుదలకు అసలు మలుపు ఇదే. ఆదరణ పొందినంత కాలం అతను అతిథిగానే ఉండిపోయాడు. తన తోడు ఇంకొకరికి కావాలని తెలిసిన రోజున మనుషుల్లో కలిశాడు. అక్కచెల్లెళ్ల కన్నతండ్రి సెయ్‌జిరో తిరిగొచ్చి ఆ ఇంటి మీద కన్నేసినప్పుడు అతనికి ఎదురు నిలిచి, హినాతాను పెళ్లి చేసుకుంటానని ప్రకటించేది కూడా ఈ రెయ్యే.

బల్లకి అవతలివాళ్లు

నికైదో హారునోబు రెయ్‌కు చిన్ననాటి ప్రత్యర్థి, స్నేహితుడినని తానే ప్రకటించుకున్నవాడు. దీర్ఘవ్యాధితో ఉన్నా ఆటలో వెనకడుగు వేయడు. తెగించి ఆడి చేజేతులా ఓడిపోయే రెయ్‌ను, నిన్ను నువ్వు కాపాడుకో అని మందలించేది అతనే. ఆ ఒసాకా ఫైనల్‌లో రెయ్ తొందరపాటును ఆపింది ఈ మందలింపే.

మరో వృత్తి ఆటగాడు షిమాదా కాయ్ నేర్పింది వినయం. క్యోకో జీవితంలోని గోతో అనే ఆటగాణ్ణి ఓడించాలన్న కసితో రెయ్, అంతకన్నా ముందు తాను ఆడాల్సిన షిమాదాను లెక్కచేయలేదు, చిత్తుగా ఓడాడు. సిగ్గుతో కుంగినా, హయాషిదా ప్రోత్సాహంతో షిమాదా అధ్యయన బృందంలో చేర్చుకోమని అడుగుతాడు. చేయి చాచి సాయం అడగడం అతనికి అదే మొదలు.

పురస్కారాలు, ఇతర మాధ్యమాలు

ఈ మాంగా 2011లో మాంగా తైషో, కొడాన్షా మాంగా పురస్కారం, 2014లో తెజుకా ఒసాము సాంస్కృతిక పురస్కారం పొందింది. షోగి వివరాలను వృత్తి ఆటగాడు సెన్‌జాకి మనాబు పర్యవేక్షించారు. 2017లో రెండు భాగాల సినిమా వచ్చింది. షాఫ్ట్ స్టూడియో 2016 నుంచి 2018 వరకు 44 భాగాల అనిమే (యానిమేషన్ సిరీస్) తీసింది. హినాతా బడి ఘట్టం అందులో రెండో సీజన్‌లో వస్తుంది.