ట్రాకులో డప్పు ఎవరిది?

సభల్లో ఇప్పుడు వేదిక మీద ఒక్కరే నిలబడి పాడుతున్నారు. చేతిలో మైకు, పక్కన లాప్‌టాప్. మీట నొక్కగానే డప్పు, డోలక్, వంత గొంతులు స్పీకర్లలోంచి వస్తాయి. మోత మనదే, కొట్టేవాడే లేడు. దీన్ని ప్రగతి అని మెచ్చుకునేవాళ్ళున్నారు, కళ చచ్చిందని ఏడ్చేవాళ్ళున్నారు. వెనక నిలబడి వాయించినవాడి చరిత్ర ఏమిటని మాత్రం ఎవరూ అడగటం లేదు.

జపాన్‌లో జరిగిన ఒక సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. కోబే నగరంలో ఇనోవే దైసుకే అనే అతను బార్లలో పాడేవాళ్ళకు వెనక వాయించి బతికేవాడు. తన ప్రయాణంలో వాయించడానికి రమ్మని ఒక కంపెనీ యజమాని పిలిస్తే, పోవడానికి వీలుగాక టేపు చేసి ఇచ్చాడు. 1971లో ఆయన చేసిన కరోకే యంత్రానికి అదే మూలం. వాద్యకారుణ్ణి తప్పించే యంత్రాన్ని చేసింది వాద్యకారుడే. పేటెంటు కూడా తీసుకోలేదు. ఆ తర్వాత 1983లో మిడి వచ్చి కీబోర్డుల్ని, కంప్యూటర్లని కలిపింది. 1985లో రోలాండ్ ఆక్టోపాడ్, 2001లో ఏబుల్టన్ లైవ్ వచ్చాయి.

డప్పు సంగతి వేరు. మా పెద్దనాయన ఎండుగడ్డి మంట మీద డప్పు కాచి, వేలితో తట్టి చూసి, మళ్ళీ కాచేవాడు. సిర్ర ఒక చేత, సిటికెన పుల్ల ఒక చేత. ఆ డప్పే వెట్టి కూడా. ఊళ్ళో చావుకు కొట్టాలి, చాటింపు వెయ్యాలి, కాదంటే కుదరదు. అందుకే డప్పు పోతోందని పైకులాల పెద్దమనుషులు బాధపడితే మాకు నవ్వొస్తుంది. వెట్టి డప్పుని 1970ల నుంచి విప్లవ పాట, 1994 నుంచి దండోరా ఉద్యమం పోరాటపు డప్పు చేశాయి. నిజమే. కానీ ఆ వేదికల మీద కొట్టినవాళ్ళ పేర్లు ఎన్ని రాసుకున్నాం? పాడినవాడి పేరు కరపత్రం మీద ఉంది. మిగిలినవాళ్ళంతా 'బృందం'. అంటే వాళ్ళను చెరిపేయడం కంప్యూటరుతో మొదలు కాలేదు.

ట్రాకు పెట్టుకున్నవాళ్ళను తప్పుపట్టలేం. ఆరుగురికి బస్సు చార్జీలు, తిండి ఎవరిస్తారు? సభ పెట్టినవాళ్ళు ఇచ్చేది ఒక్కరి చార్జీ.

మా ఊరి దగ్గర ఒక సంస్మరణ సభలో ఒక చెల్లె ఇట్లాగే పాడింది. మధ్యలో ఆగి చనిపోయినాయన గురించి రెండు మాటలు చెప్పబోయింది. ట్రాకు ఆగలేదు. మాటలు మోతలో కలిసిపోయాయి, ఆమె ఉరికి చరణం అందుకుంది. పక్కన కూచున్న పెద్దనాయన, "ఆ డబ్బా పిల్ల మొగం చూడదు గదరా" అన్నాడు. మొగం చూసి దెబ్బ తగ్గించడం, ఆపడం, మళ్ళీ ఎత్తుకోవడం ఆయన పనితనం. దాన్ని సంగీతమని ఏ పుస్తకమూ మాకు చెప్పలేదు.

ఆ ట్రాకులో డప్పు ఎవరు కొట్టారని చెల్లెను అడిగాం. తెలవదన్నా, పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిండ్రు అంది.

పెద్దనాయన జట్టులో ఏడుగురు. అయిదుగురి పేర్లు రాసుకున్నాం. మిగతా ఇద్దరి కోసం పక్క వాడకు పోవాలి.